గాజు పోగుకు బూడిద

రాజారాం చేతులు చూస్తే ఆయన పాత పని తెలిసిపోతుంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కొసలు నున్నగా అరిగి ఉంటాయి. అశోక్ చౌక్ వెనక గల్లీల్లో పద్దెనిమిదేళ్లు ఆయన చేసింది ఒకటే పని: మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తుంటే, దాని ఒక్కో పోగు కొసకు కొత్త పడుగు పోగు అతకడం. చెమట పట్టిన వేళ్లలో పోగు జారుతుంది. అందుకని పక్కనే కొబ్బరిచిప్పలో జల్లించిన బూడిద ఉండేది. వేళ్లు అద్దుకోవడం, మెలిపెట్టడం, తర్వాతి పోగు అందుకోవడం. కిష్టయ్య మామ నేర్పిన పద్ధతి అది.

ఆ మగ్గాల కార్ఖానా మూతపడ్డాక, నలభై ఒకటో ఏట, ఇంటర్నెట్ తీగలు వేసే ముఠాలో చేరాడు. రెండేళ్లు రోడ్లు తవ్వాడు, తీగ లాగాడు. ఒకరోజు హోట్గి రోడ్డులో గొడుగు కింద కూర్చున్న ఒకతను వెంట్రుక లాంటి గాజు పోగులను చిన్న మిషన్‌లో పెట్టి అతుకుతుంటే చూశాడు. అన్నం డబ్బా తెరవడం మరచిపోయాడు. లాగుడు పని భుజాలది, ఈ పని వేళ్లది, ఇది నాది అనుకున్నాడు.

సూపర్‌వైజర్ మంగేశ్‌ను అడిగితే నవ్వాడు. రాజారాం వారం వారం అడిగాడు. ఆరు నెలలకు నవ్వడం మానేసి నేర్పించాడు. చివరికి గాజు పోగులు అతికి సర్దే గోడ పెట్టె ఒకటి అప్పగించాడు, అదీ రాజారాం పాత గల్లీలోనే. నలభై ఎనిమిది అతుకులు, సాయంత్రం ఆరుకల్లా అన్నీ పరీక్షలో నిలవాలి. నిలిస్తే పెట్టె తలుపు లోపలి కార్డు మీద అతికినవాడి పేరు రాస్తారు. లేకపోతే మళ్లీ తీగ లాగుడే.

పెట్టెను బిగించింది గంగమ్మ ఇంటి గోడకు. ఆమె కిష్టయ్య భార్య. భర్త పోయాక గడపలో కూర్చుని బీడీలు చుట్టుకుంటుంది. మధ్యాహ్నానికి ఇరవై తొమ్మిది అతుకులయ్యాయి. రాజారాం వేళ్లు ప్యాంటుకు తుడుచుకోవడం గంగమ్మ చూసింది. లేచి లోపలికి వెళ్లి బూడిద పోసిన కొబ్బరిచిప్ప తెచ్చి పక్కన పెట్టింది.

"తీసుకో రా రాజూ. మీ మామ చిప్పనే. మూడుసార్లు జల్లెడ పట్టిన."

రాజారాం కళ్లు మిషన్ తెర మీదున్నాయి. రెండు వేళ్లు వాటంతటవే చిప్పలోకి వెళ్లాయి. ఆ తర్వాత ప్రతి పోగుకూ వెళ్లాయి. "అద్దుకున్నట్టు నాకు యాదిగూడ లేదు" అంటాడు ఇప్పుడు.

మూడింటికి మంగేశ్ వెలుతురు కొలిచే మీటరు పెట్టి చూశాడు. ముప్పై నుంచి నలభై మూడు దాకా వెలుతురు సరిగ్గా దాటడం లేదు. మంగేశ్ అరవలేదు. గడియారం చూసి, ఆరింటికి పెట్టె పూర్తి చేయడానికి ఇంకో మనిషిని తెస్తానని చెప్పి వెళ్లిపోయాడు. ఆ మాట తిట్టుకన్నా ఎక్కువ గుచ్చుకుంది.

రాజారాం ముప్పయ్యోది కోసి, స్పిరిట్‌తో వేళ్లు తుడిచి మళ్లీ అతికాడు. నిలవలేదు. ఇంకోసారి అతికాడు. అదీ అంతే. అప్పుడు చెయ్యి ఆపి ఆలోచించాడు. ఇరవై తొమ్మిది దాకా బాగుంది. ముప్పైకి ముందు ఏం జరిగింది? కొబ్బరిచిప్ప కనబడింది. వేళ్లు తుడిచాడు సరే, పోగు పడుకునే సన్నటి గాడి? మిషన్ మూత తెరిచి చూశాడు. గాడిలో బూడిద రంగు నలుసు.

గంగమ్మ చేతిలో బీడీ ఆగిపోయింది. "నా బూడిదేనా?"

కాదని చెప్పొచ్చు, రాజారాం చెప్పలేదు. "అవునత్తా. నూలుకైతే వేళ్లకు పట్టు కావాలె. ఇది గాజు, దీనికి దుమ్మే దుష్మన్."

"మరి ముందుగాల చెప్పొద్దా?"

"అద్దుకున్నది నా చెయ్యే గదా."

గంగమ్మ లేచింది. తంబాకు చాట లోపల పెట్టి, పాత చద్దరు ఒకటి నీళ్లలో ముంచి, ఎదురు కార్ఖానా నూగు ఇటు ఎగిరి రాకుండా అడ్డంగా కట్టింది. రాజారాం గాడి శుభ్రం చేసి ముప్పయ్యోది అతికాడు. నిలిచింది. పాడైన మిగతా పదమూడూ కోసి మళ్లీ అతికాడు, చివరి అయిదూ పూర్తి చేశాడు. నడుము లాగేస్తున్నా లేవలేదు.

ఆరింటికి మంగేశ్ వచ్చాడు, ఇంకో మనిషితో. మీటరు పెట్టాడు. నలభై ఒకటోది అంచు మీదుంది, అయినా ఫరవాలేదు, పాస్ చేస్తానన్నాడు. రాజారాం దాన్ని కోశాడు. ఆ ఇద్దరినీ నిలబెట్టి మళ్లీ అతికాడు. ఈసారి మీటరు చూసి మంగేశ్ జేబులోంచి పెన్ను తీశాడు.

కార్డు మీద పేరు పడ్డాక గంగమ్మ చద్దరు పక్కకు జరిపి తొంగిచూసింది. "నేర్పినోడు మీ మామ. ఆయన పేరు ఏది రా?"

"రాస్తే నీ బూడిద ముచ్చట గూడ రాయాలె, అత్తా."

"అయితే వద్దులే" అంటూ చిప్ప తీసుకుని లోపలికి పోయింది.