అమ్మకు నచ్చిన ఇంగ్లీషు మాట

అరవైల చివర్లో, గోదావరిఖనిలో, బొగ్గుబాయిలో బండ కూలి నాన్న పోయాడు. బాయి దగ్గరి క్యాంటీన్‌లో అమ్మకు పని ఇచ్చారు. పొద్దటి షిఫ్టుకు దిగేవాళ్లు ఆమె చేతి చాయ ముట్టేవాళ్లు కాదు. తోవలో ఎదురైతే ఆగి, ఉమ్మేసి, అప్పుడు కదిలేవాళ్లు. ముండమోపి ఎదురొస్తే బాయిలో కప్పు కూలుతుందట. మరి నాన్న ఆఖరిసారి దిగిన రోజు ఎదురొచ్చింది నిండా పసుపు కుంకుమలున్న అమ్మే కదా? ఆ సంగతి ఒక్క మొగోడికీ గుర్తుకురాలేదు.

పని కాగితం మీద ‘విడో’ అని ఉంది. ఏందని అమ్మ అడిగితే, భర్త పోయిన ఆడమనిషిని ఇంగ్లీషులో మర్యాదగా అట్లా అంటారని చెప్పాను. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను.

‘‘గీ మాటల తిట్టు లేదు బిడ్డా’’ అంది అమ్మ.

ఇక ఆనాటి నుంచి నడిరోడ్డు మీదనే డ్యూటీకి పోయేది. ఎవడైనా గొణిగితే నిలబెట్టి అడిగేది: ‘‘నేను విడోను. కాయితం మీద రాసిచ్చిండ్రు. నీకేంది నొప్పి?’’ నాకు ఎంత సంబరమో.

కాలేజీకి వచ్చాక, లైబ్రరీలో లావుపాటి నిఘంటువు తీసి ఆ మాట పుట్టుక వెతికాను. పాత ఇంగ్లీషు దాటితే లాటిన్‌లో ‘విదువా’. ఆ పక్కనే సంస్కృతంలో మన విధవ. ఫార్సీ భాషలోని ‘బేవా’ కూడా ఆ ఇంటిదేనట. అన్నీ ఒక్క తల్లి పిల్లలే. పెళ్లాం చచ్చిన మొగోడికి ఇంగ్లీషులో సొంత మాట కూడా లేదు, ఆడదాని మాటకే తోక తగిలించి ‘విడోయర్’ అన్నారు.

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సాయంత్రమే, బియ్యం ఏరుతున్న అమ్మకు అంతా విప్పి చెప్పాను. లోకమంతా ఇంతేనని తెలిస్తే ఆమెకు ఇంకా రోషం వస్తుందనుకున్నాను, తెలివితక్కువదాన్ని.

అమ్మ చేట కింద పెట్టింది. ‘‘అంటే గది గూడ గదే మాటనా?’’

‘‘అవునమ్మా. వేల ఏండ్ల కింది నుంచి.’’

‘‘గన్ని దేశాలోళ్లు, గన్ని ఏండ్ల సంది అంటున్నరంటే, గండ్ల ఏదో నిజముంటది బిడ్డా.’’

ఎంత మొత్తుకున్నా వినలేదు. అన్నేండ్లు ఉమ్మినవాళ్ల వల్ల కానిది నా చదువు ఒక్క పూటలో చేసింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు బాయి సైరన్ కూత కాకముందే అమ్మ తయారై గడప దాటుతోంది. ఇంత జల్ది ఎందుకని అడిగాను.

‘‘మొగోళ్లు బాయిల దిగే యాళ్లయితది బిడ్డా. నేను ఎదురు రావద్దు.’’