మా తాతల నాటి బెల్లోస్

ఆ రోజుల్లో, అంటే కొత్త రాష్ట్రం వచ్చి బండ్ల నంబరు పలకలు మారుతున్న రోజుల్లో, మా నల్గొండ వైపు ప్రతివాడికీ తానూ ఏదో ఒకటి కొత్తగా మొదలుపెట్టాలనిపించేది. ఒకడు జిరాక్సు మిషను పెట్టాడు, ఇంకొకడు డీజే కొన్నాడు, నేను ఉద్యోగంలో చేరాను. యాభై దాటాక ఉద్యోగమేమిటని మీరు అడగబోతున్నారు. మా ఇంటామె అప్పుడే అడిగేసింది, మీరు మళ్లీ అడగక్కర్లేదు. (కోపం కాదు, నా మాట తీరే అంత.) అప్పటిదాకా మోత్కూర్ చుట్టుపక్కల ఊళ్లలో బోర్లకు పైపులు దించడం, చెడిపోయిన మోటర్లను పైకి లాగడం నా పని. నీళ్లు పాతాళానికి పోయాక పైపు దించమనేవాడు లేడు, లాగమనేవాడూ లేడు. మనిషి ఏ వయసులో ఓనమాల దగ్గర నిలబడితే అదే అతని పడుచుతనమని నా సిద్ధాంతం. ఆ లెక్కన ఇది నా పడుచుతనపు ముచ్చటే. కాదనేవాళ్లు ఇక్కడితో చదవడం మానేయవచ్చు.

నల్గొండ బయట మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీ ఒకటి ఉండేది. దాని గేటు దగ్గర మా బామ్మర్ది కాపలా. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"బావా, ఈడ గాజు పైపులు బిగించేటోడు గావాల్నట. పట్నం నుంచి వస్తనన్నోడు రాకపాయె. నీ పేరు జెప్పిన."

"గాజు పైపులేందిరా? గాజులంటే నాకు మీ అక్క చేతివే తెల్సు."

"పైపు పైపే గద! మా బావకు తెల్వని పైపు లేదని సారుకు మాటిచ్చిన. నన్ను గేటు కాడి నుంచి స్టోర్ల గుమాస్తగ తీస్కుంటమంటున్నరు. ఎండల నిలవడి నిలవడి కాళ్లు ఉబ్బుతున్నయి. ఇప్పుడు నా మాట పోతె గా కుర్చీ గూడ పోతది. జర నా ఇజ్జత్ కాపాడు బావా."

ఆ కుర్చీ సంగతి చెప్పకపోతే నేను వెళ్లేవాడిని కాదు. వాడి ఉబ్బిన కాళ్లు తలచుకుని బస్సెక్కాను.

నన్ను పరీక్షించింది గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఇంజనీరు. మా అబ్బాయి వయసువాడు, మర్యాద మాత్రం మా తాత వయసుది. కంపెనీలో అందరూ గోదారి సారు అనేవాళ్లు. ఆయన నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, "బెల్లోస్ పని తెలుసా అండీ?" అన్నాడు.

ఇక్కడ నా చదువు గురించి ఒక మాట చెప్పాలి. బడికి వెళ్లింది ఐదో తరగతి వరకే. మిగతాదంతా మిర్చి బజ్జీల పొట్లాలు విప్పి చదువుకున్నదే. నల్గొండ గడియారం దగ్గర పాత పుస్తకాల బండి మీద ఒక ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు కొని, వానపడి పని లేని రోజుల్లో పేజీలు తిప్పేవాడిని. అందులో ఈ 'బెల్లోస్' మాట నాకు బాగా గుర్తుంది. ఎదురుగా 'కొలిమితిత్తి' అని వేసి ఉంది. మాది కమ్మరి ఇల్లు. ఇంగ్లీషువాడికి కూడా మా తిత్తి తెలుసన్నమాట అని ఆ రోజు ఎంతో మురిసిపోయాను. ఇంకేం, ఛాతీ ముందుకు పెట్టాను.

"తెల్వకపోవుడేంది సార్? చిన్నప్పటి నుంచి తెల్సు."

"చిన్నప్పటి నుంచా!"

"మా బాపు దగ్గర నేర్చుకున్న. ఆయన మా తాత దగ్గర."

గోదారి సారు కుర్చీలో ముందుకు జరిగాడు. "మూడు తరాల అనుభవమా? ఈ లైన్లో అలాంటి కుటుంబాలున్నాయని నాకు తెలియదండీ."

"మా దిక్కు ఊరికొకటి ఉంటుండె సార్. ఇప్పుడిప్పుడే పోతున్నయి."

"వేడికి తట్టుకునేవా మీవి?"

"నిప్పుల పక్కనే ఉంటది. దానికేం గాదు."

"ఏ మెటీరియల్ వాడేవారు?"

"తోలు సార్."

ఆయన ఒక్క క్షణం నుదురు చిట్లించి, "టెఫ్లాన్ రాకముందు సంగతి అయి ఉంటుంది" అని తనలో తాను గొణుక్కుని, లేచి నా చేయి పట్టుకుని ఊపాడు. ఉద్యోగం వచ్చింది. ప్రస్తుతానికి ఈ ఒక్క గాజు పైపుల లైను బిగించాలి, అది నిలబడితే నన్ను ఉంచుకుంటారు.

మర్నాడు పెట్టె విప్పారు. నేను నిలువెత్తు తిత్తి కోసం చూస్తుంటే, గడ్డి పొరల్లోంచి రెండు పిడికిళ్లంత తెల్లటి వస్తువొకటి బయటికొచ్చింది. హార్మోనియం పెట్టెలా ముడతలు, రెండు కొసలకూ రేకు చక్రాలు, ఆ చక్రాలను కలుపుతూ మూడు సన్న కడ్డీలు. "ఇదేనండీ మన బెల్లోస్" అన్నాడు సారు. మా తిత్తికీ దీనికీ చుట్టరికమే లేదు. పరువు కోసం దాన్ని అటూ ఇటూ తిప్పి, "గాలి ఎటు నుంచి వస్తది సార్?" అని అడిగాను. "మంచి ప్రశ్న వేశారు! గాలి పోయే వెంటు పై నుంచి ఉంది" అని ఆయన సంబరపడ్డాడు. తెలియనివాడు అడిగే ప్రశ్నకూ తెలిసినవాడు అడిగే ప్రశ్నకూ తేడా ఉండదని నాకు ఆ రోజే తెలిసింది.

నాకు తోడుగా ఇచ్చిన మనిషిని అందరూ పానా అని పిలిచేవాళ్లు. చేతిలో పానా లేకుండా అతణ్ని అతని పెళ్లిలో కూడా ఎవరూ చూడలేదట. ఇద్దరం ఇనుముతో బతికినవాళ్లమే కాబట్టి, గాజుతో పని పసిపిల్లకు స్నానం చేయించినట్టుండేది. కింద మందు ఉడికే ఇనుప రియాక్టరు, పైన మనిషంత పొడవు గాజు గొట్టాలు, రెండింటి నడుమ ఈ ముడతల బెల్లోస్. సారు దగ్గరుండి చెబుతుంటే ఎదురెదురు బోల్టులను ఒక్కొక్క చుట్టు తిప్పుకుంటూ, ఊపిరి బిగబట్టి అంచులు కలిపాం. ఒక్క ముక్క కూడా చిట్లలేదు. సారుకు ఫోన్ వచ్చింది. నిచ్చెన దిగుతూ దిగుతూ, "ఇంక ఆ కడ్డీల నట్లు వదిలెయ్యండి" అన్నాడు.

అదీ మాట. మీకు అర్థమైనట్టే మాకూ అర్థం కావాలని రూలేమీ లేదు.

"ఏమన్నడు కాకా?" అన్నాడు పానా.

"నట్లు వదిలెయ్యమన్నడు. అంటే గా పని మన మీద వదిలిండన్నట్టు."

"గంత నమ్మి వదిలితె, మనం ఊగే నట్టు ఇడిసిపెట్టి పోతమా?"

"పోతే మనల్ని పైపుల పనోళ్లంటరా, పల్లీలమ్మెటోళ్లంటరా?"

మూడు కడ్డీల నట్లనూ రెండు వైపులా, పళ్లు కొరుక్కుంటూ బిగించాం. ఊపి చూస్తే బెల్లోస్ రాయిలా ఉంది. ఎంత సంతోషం! ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

స్టీము ఇచ్చి చూసే రోజు పసుపు, కుంకుమ, అగరబత్తులు అన్నీ పెట్టారు. కొబ్బరికాయను గాజుకు దూరంగా, గేటు మెట్టు మీద కొట్టించారు. (అంత తెలివి అందరికీ ఉంది.) మా బామ్మర్ది ఉతికిన యూనిఫాం వేసుకుని, కొబ్బరి ముక్కల పళ్లెం పట్టుకుని, కనబడ్డ ప్రతివాడికీ "మా బావ పనే అది" అని చెబుతున్నాడు. గోదారి సారు అందరినీ పిలిచి వివరించడం మొదలుపెట్టాడు.

"స్టీము తగలగానే కింద ఇనుము వేడెక్కి పైకి సాగుతుంది. గాజు సాగదు. ఆ సాగుడంతా ఈ బెల్లోస్ ముడుచుకుని మింగేయాలి, లేకపోతే గాజు పటుక్కున పోతుంది. అందుకే కడ్డీల నట్లు బిగించకుండా వదులుగా వదిలేశాం."

నేను పానాను చూశాను. పానా నేలను చూశాడు. స్టీము మనిషి వాల్వు చక్రం మీద చేయి వేశాడు. నోరు మూసుకుంటే గాజు పగులుతుంది, గాజు కదా, వంద కారణాలకు పగులుతుంది, మా పేరు రాకపోవచ్చు. నోరు తెరిస్తే బామ్మర్ది కుర్చీ నా చేతులతో నేనే లాగేసినట్టు. వాడివైపు చూశాను. వాడు నన్ను చూపిస్తూ ఎవరికో కొబ్బరి ముక్క అందిస్తున్నాడు. పగిలే గాజు కింద నిలబడింది కూడా వాడే.

"ఆపుండ్రి! ఏయ్, ఆగుండ్రి! తిత్తి గొంతు పిసికినం!" అని అరిచి, పానా చేతిలోని పానా లాక్కుని నిచ్చెన ఎక్కాను. నెత్తి మీది హెల్మెట్టు కిందపడి దొర్లుకుంటూ పోయింది. నట్లన్నీ ఒక్కొక్కటే వదులు చేశాను.

"గొంతు పిసకడమేమిటండీ? తిత్తి ఏమిటి?" కింది నుంచి గోదారి సారు.

"మా బాపు తిత్తి సార్. కొలిమిది. నాగళ్ల కర్రులు, కొడవండ్లు చేసేది."

"మరి తోలు అన్నారూ?"

"మేకతోలు సార్."

సారు నిచ్చెన ఎక్కి ప్రతి నట్టూ తన వేళ్లతో కదిపి చూశాడు. దిగివచ్చి మా బామ్మర్దిని దగ్గరికి పిలిచాడు. "మీ బావగారికి తెలియని పైపు లేదన్నావు?"

బామ్మర్ది పళ్లెం గుండెలకు హత్తుకున్నాడు. "తెల్వని పైపు లేదు సార్. తెల్వని మాటలే ఉన్నయి."

గోదారి సారు నిచ్చెన కింది మెట్టు మీద కూలబడి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. తర్వాత స్టీము ఇచ్చారు. ఆ తెల్లటి ముడతలు మెల్లమెల్లగా దగ్గరికి జరిగాయి, పైన గాజు చెక్కుచెదరలేదు. మేమందరం తొట్లెలో పాపను చూసినట్టు నోరు తెరుచుకుని చూశాం.

"మీరు రేపు కూడా రండి. పగిలాక చెప్పేవాళ్లు నాకు చాలామందే ఉన్నారు. కానీ నేను వదిలెయ్యమంటే వదులుగా వదిలెయ్యాలి" అన్నాడు సారు. బామ్మర్దికి కుర్చీ అప్పుడే రాలేదు. నాతో మాట్లాడటం మానేసి మరికొంతకాలం ఎండలోనే నిలబడ్డాడు. దసరా దాటాక వచ్చింది. వచ్చిన రోజు సాయంత్రం మా ఇంటికి మిఠాయి తెచ్చి, వాళ్ల అక్క ముందు నా నిచ్చెన ఉరుకును నటించి చూపించాడు. హెల్మెట్టు బదులు గిన్నె దొర్లించాడు. ఇప్పటికీ చుట్టాలు వచ్చినప్పుడల్లా దొర్లిస్తూనే ఉంటాడు. ఇంగ్లీషువాడు రెండింటికీ ఒకే పేరు పెడితే నవ్వవలసింది నన్ను చూసా? ఈ మాట నేను ఎవరితోనైనా వాదిస్తాను.

మోకాళ్లు మొరాయించాక ఆ పని మానేశాను. ఇప్పుడు మా ఇంటి రెండు మెట్లు దిగాలన్నా గోడ పట్టుకోవాలి. అలా గోడ పట్టుకుని నిలబడ్డప్పుడు, పానా చేతబట్టుకుని నిచ్చెన మీదికి ఎగబాకుతున్న ఆ నెరిసిన జుట్టు పడుచువాడు కనిపిస్తాడు. పాపం, ఏమీ తెలియదు, అన్నీ తెలుసనుకుంటున్నాడు. కాస్త కూర్చో, చాయ్ తాగిపోరా అనాలనిపిస్తుంది. వాడు ఆగితే కదా!