నలభై ఒకటో నంబరు రాయి

అల్వాల్‌లో మా ఎదురు స్థలంలో పునాది తవ్వుతున్నారు. నిన్న పొద్దున సమ్మెట దెబ్బలతో పాటు కిటికీలోంచి ఆ వాసన వచ్చింది, నల్లరాయి పగిలినప్పుడు వచ్చే నిప్పురవ్వల వాసన. డెబ్బై దాటిన మోకాళ్లు వద్దంటున్నా లేచి వెళ్లాను. బూడిదరంగు గ్రానైటు మధ్యలో రెండు బారల వెడల్పున నల్లటి చార. "దీని అంచు ముక్క ఒకటియ్యి నాయనా" అన్నాను. రాళ్లు కొట్టే మల్లయ్య నవ్వాడు. "నడిమిల మంచిగున్నది గద సార్, అంచుది ఎందుకు?" నిజాం రాజ్యం ఇంకా ఉన్న రోజుల్లో ఖాజా సాబ్‌ను నేను అడిగిన ప్రశ్న కూడా ఇదే.

ఖాజా సాబ్ రాళ్లను పరీక్షించే సర్కారీ దఫ్తర్‌లో నా పైఅధికారి. నేను కొత్తగా చేరిన కెమిస్టును. ఆయన ఇల్లు కార్ఖానా బస్తీలో. ఉర్దూలో రాసేవాడు, తెలుగులో తిట్టేవాడు. సికింద్రాబాద్ చుట్టూ గ్రానైటును చీల్చుకుంటూ మైళ్ల పొడవున పోయే నల్లరాతి గోడలున్నాయి, వాటిని డైకులంటాం. పన్నెండేళ్లు వాటి వెంట నడిచి రాళ్లు ఏరాడాయన. నేను మొదటిసారి నడిమధ్యన కొట్టి తెచ్చిన ముక్కను తీసి అవతల పారేశాడు.

"భూమి పగిలిన సందుల్లకు కిందినుంచి కరిగిన రాయి ఎక్కొచ్చింది బేటా. చల్లటి బండను తాకంగనే అంచు గడ్డకట్టింది. ఎట్ల బయల్దేరిందో గట్లనే ఉన్నది. నడిమిది నిదానంగ ఆరింది, ఆరంగ ఆరంగ మారింది. అసలు సంగతి అంచే చెప్తది."

ఉత్తరానికి పోయే డైకులు, తూర్పుకు పోయే డైకులు ఒక్క తల్లి బిడ్డలేనా? ఆయన బతుకంతా ఈ ఒక్క ప్రశ్న. ప్రతి రాయిలో సిలికా ఎంత, ఇనుము ఎంత, మెగ్నీషియం ఎంత అని నేను తేల్చాలి. కానీ ఆ రాయి ఏ ఊరిదో నాకు చెప్పేవాడు కాదు. రాయి మీద తెల్ల రంగుతో నంబరు మాత్రం ఉండేది. ఊరి పేరు, డైకు గీత ఆయన నోటుబుక్కులో ఉండేవి. "ఊరు తెలిస్తే నీ చెయ్యి మొగ్గుతది. నాకు నచ్చే లెక్క తెస్తవ్" అనేవాడు.

పోలీసు చర్య వచ్చింది, నిజాం రాజ్యం పోయింది, రజాకార్లన్న అనుమానంతో ఇళ్లు సోదా చేస్తున్నారు. ఒక పొద్దున ఖాజా సాబ్ మారేడ్‌పల్లిలోని మా ఇంటికి వచ్చి, గుడ్డలో చుట్టిన ఆ నోటుబుక్కును నా చేతిలో పెట్టాడు. "బీదర్ల బిడ్డ ఉన్నది, ఖబర్ లేదు. పోయొస్త. ఇది నా ఇంట్ల ఉంటే పరేషాన్. జెర పైలంగ పెట్టు" అన్నాడు.

నాలుగు రోజులకు మా వీధిలో సోదాలట అని పుకారు పుట్టింది. అమ్మ నోటుబుక్కు తెరిచింది. ఉర్దూ రాతలు, గుట్టలు, ఊళ్లు, వాటి మీదుగా తిన్నగా నల్ల గీతలు. "ఏందిరా గీ గీతలు? ఎవలన్న జూస్తే ఏమనుకుంటరు? కాలబెట్టు!" నీళ్లు కాగే హమాం నిప్పులో ఒక్కో కాగితమే చించి వేశాను. ఆ నీళ్లతోనే స్నానం కూడా చేశాను. ఇంతా చేస్తే మా ఇంటికి సోదాకు ఎవరూ రాలేదు. ఒక్కడంటే ఒక్కడు రాలేదు!

నెల తరువాత ఆయన తిరిగొచ్చాడు. గడ్డం తెల్లబడింది, భుజాలు దిగిపోయాయి. బిడ్డ గురించి అడిగితే తల అడ్డంగా ఊపాడు. "బుక్కేదీ బేటా?" అన్నాడు. బిడ్డను పోగొట్టుకొచ్చిన మనిషితో, నీ పన్నెండేళ్లు కాల్చేశానని ఎట్లా చెప్పను? "సోదాల తీస్కపోయిండ్రు సాబ్" అన్నాను.

ఆయన ముఖం వెలిగింది. అదే నన్ను చంపింది. "తీస్కపోతే ఏడనో ఒకతాన ఉంటది గద! నీ రాత మంచిగుంటది, అర్జీ రాయి."

రాశాను. ఒకటి కాదు, రెండేళ్ల పాటు ఎన్నో. నేనే కాల్చిన నోటుబుక్కును దయచేసి వెతికించమని నా చేత్తోనే రాశాను. వాటిని పట్టుకుని ఆయన దఫ్తర్లన్నీ తిరిగేవాడు, బెంచీల మీద పగలంతా కూర్చునేవాడు. "మళ్లీ నడుద్దాం సాబ్, నేనూ వస్తా" అన్నానొకసారి. "దొరికేదానికి మళ్ల ఎందుకు?" అన్నాడు. ఆ రోజు నిజం చెప్పి ఉంటే తిట్టేవాడేమో, కొట్టేవాడేమో. కానీ మళ్లీ నడిచేవాడు, అప్పటికింకా కాళ్లలో బలముంది. నేను ఇంకో అర్జీ రాశాను. ఛీ, పిరికితనం ఒక్క పూటదే, అబద్ధం మాత్రం రెండేళ్లు సాగింది.

ఆఖరి అర్జీకి జవాబు రాకముందే ఆయన పోయాడు. నంబర్లున్న రాళ్లన్నీ ఎందుకూ పనికిరావని దఫ్తర్ వెనక పారబోశారు. నేను ఒక్కటి తెచ్చుకున్నాను, నలభై ఒకటో నంబరుది. అందులో సిలికా ఎంతో ఇప్పటికీ నోటికి చెప్పగలను. ఊరే తెలియదు.

మల్లయ్య ఇచ్చిన అంచు ముక్కను ఇంటికి తెచ్చి దాని పక్కన పెట్టి చూశాను. ఇన్నేళ్లుగా ఎక్కడ నల్లరాయి పగిలినా చేస్తున్న పనే. రెండూ కలవలేదు, అది ఈ ఊరిదీ కాదు. కొత్త ముక్క మీద తెల్ల రంగుతో 'అల్వాల్' అని రాశాను, వీధి పేరు కూడా రాశాను. తరువాత, ఎప్పటిలాగే, కుంచెను నలభై ఒకటో రాయి దగ్గరికి తీసుకెళ్లి కాసేపు పట్టుకుని, కడిగి పెట్టేశాను.