మా ఆయన్ని పేరు పెట్టి పిలిచిన రోజు

మా ఆయన గూడ్సు గార్డు. ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే రైల్వే పేటలో, రెండు గదుల క్వార్టర్సులో మా కాపురం. గార్డు పెళ్ళానికి మొగుడి కంటే మొగుడి నిద్రతోనే పరిచయం ఎక్కువ. ఆయన ఎప్పుడు వస్తారో, ఎప్పుడు పోతారో ఆ దేవుడికీ, డ్యూటీలు రాసే బాబుకీ తెలియాలి. అందుకే మా లైనులో ఒక కట్టుబాటు ఉండేది. డ్యూటీ దిగి పడుకున్న మనిషిని ఎవరూ లేపకూడదు. పిల్లలు వీధి చివరికి పోయి ఆడుకోవాలి. కూరల బండి దాదా కూడా మా లైను మలుపు తిరిగాక కేక తగ్గించేవాడు.

ఆ నిద్ర చెడగొట్టే హక్కు ఒక్క కాల్‌మ్యాన్‌కే ఉండేది. చంకలో పుస్తకం పెట్టుకుని సైకిలు మీద వచ్చి, ఫలానా బండికి ఫలానా టైముకి రావాలని చెప్పి సంతకం తీసుకుపోయే మనిషి. శ్రీకాకుళం వైపు వాడే, నడివయసు వాడు. మలుపు దగ్గర్నుంచే మా ఆయన ఇంటిపేరూ పేరూ కలిపి, చివర ‘గార్డ్ సాబ్’ తగిలించి ఒక్క కేక పెట్టేవాడు. ఎంత ఆదమరిచి పడుకున్నా మా ఆయన “ఆఁ” అనేవారు. నేను “ఏవండీ” అని మూడుసార్లు మొత్తుకున్నా కదిలేవారు కారు. దాంతో ఆ కాల్‌మ్యాన్ మీద నాకు మొదటినుంచీ మంట.

అరవైల చివర్లో ఒక వానాకాలం, మా ఆయన బ్రేక్‌వ్యాన్, అదే బండి చివరుండే గార్డు పెట్టె, మెట్టు మీంచి జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో వార్డంతా దద్దరిల్లేలా అరుస్తున్న మనిషి, ఒక్క సూది పడగానే నన్ను చూసి నవ్వారు. ఆ మందు పేరు పెథిడిన్. డాక్టరమ్మ దాన్ని కొద్ది రోజులే ఇచ్చి ఆపేసింది. కట్టు విప్పాక మాత్రలు రాసి ఇంటికి పంపింది. ఆవిడ చేసిందంతా సబబే. చెడగొట్టింది మేమే.

మా వెనక లైనులో ఒక ముసలి కాంపౌండరు ఉండేవాడు. ఎక్కడో పనిచేసి మానేసిన తెలుగాయన. వరస కలిపి నన్ను చెల్లీ అనేవాడు. మాత్రలకి నొప్పి తగ్గట్లేదని, కొడుకుని చూసుకోడానికి ఊరినుంచి వచ్చిన మా అత్తగారు చెప్తే, ఆ పెథిడినే ఎక్కడినుంచో పట్టుకొచ్చాడు.

“ఇది నల్లమందేటి కాదు సెల్లీ. నల్లమందైతే అలవాటవుద్ది గాని, ఇది కంపెనీలో సేసిన మందు. దీనికేటి భయం?” అన్నాడు.

నేను నమ్మాను. మా తాత నల్లమందు ఉండ మింగి అరుగు మీద కూలబడడం చూసి పెరిగినదాన్ని. జిగురుగా, నల్లగా ఉండే ఆ ఉండకీ, చిన్న గాజుబుడ్డిలో నీళ్ళంత తేటగా ఉన్న దీనికీ సంబంధం ఉందని ఎలా అనుకుంటాను? పైగా మా ఇళ్ళలో సూదంటే మహా గురి. మాత్రతో తగ్గేది అసలు జబ్బే కాదని మా అత్తగారి తీర్మానం. కాంపౌండరు వచ్చినప్పుడల్లా నేనే చేతులకి నీళ్ళు పోసి, తువ్వాలు అందించి, కాఫీ ఇచ్చేదాన్ని. ఇప్పటికీ అది తలుచుకుంటే నా లెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండు నెలలకి నొప్పి పోయింది, సూది పోలేదు. ఒకటి రెండైంది, రెండు మూడయ్యాయి. వేళ దాటితే చాలు, చెమటలు, ఆవలింతలు, ఒళ్ళంతా పోట్లు. పొడుచుకోవడం ఆయనే నేర్చుకున్నారు. అబద్ధాలూ నేర్చుకున్నారు. నేను తిట్టాను, ఏడ్చాను, ఒకసారి పప్పుగిన్నె విసిరాను. ఆయనకి తగల్లేదు, గిన్నెకి సొట్ట పడింది. చివరికి మాతాపూజ నాడు అమ్మవారి ఘటం ముందు నిలబడి, ఇక ముట్టనని ఒట్టేశారు. మొదటి వారం నరకం. కానీ నిలబడ్డారు. నెల తిరిగేసరికి అన్నం సహించింది, మొహంలో కళ వచ్చింది. మర్నాటినుంచి డ్యూటీ ఎక్కొచ్చని, ఉద్యోగానికి పనికొస్తారో లేదో చూసే వేరే డాక్టరు రాసిచ్చాడు. నా అంత అదృష్టవంతురాలు లేదనుకున్నాను.

ఆ మధ్యాహ్నం నేను కుళాయి దగ్గర్నుంచి వచ్చేసరికి ఆయన మంచం మీద గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. పోన్లే పాపం, రేపటినుంచి మళ్ళీ తిరుగుడే కదా అనుకున్నాను. పక్కింటి బెంగాలీ దీదీ రేడియో పెడితే పోయి ఆపించి వచ్చాను. గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతున్నాను. గురక పెద్దగా వస్తోంది, ఆగుతోంది, మళ్ళీ వస్తోంది. ఒక గురకకీ మరో గురకకీ మధ్య నాలుగైదు రాళ్ళు ఏరగలుగుతున్నాను. ఏరుతూనే ఉన్నాను.

అప్పుడు వచ్చాడు కాల్‌మ్యాన్, మర్నాటి బండికి సంతకం కోసం. కేక పెట్టకముందే ఎదురెళ్ళి, “నిద్రపోతున్నారు. లేపావంటే ఊరుకోను” అని గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. వాడు తల పక్కకి వంచి విన్నాడు.

“అమ్మా, ఇది నిద్ర కాదు. ఇరవయ్యేళ్ళ బట్టీ నిద్దర్లు నేపుతన్నాను, నాకు తెల్దేటి?” అని నన్ను తోసుకుని లోపలికి పోయాడు.

పెదాలు నీలంగా ఉన్నాయి. రెప్ప ఎత్తి చూస్తే కంటిపాప ఆవగింజంత. దిండు కింద మూడు ఖాళీ బుడ్లు. కాల్‌మ్యాన్ ఆయన భుజం కుదిపి, చెవి దగ్గర పెద్ద కేక పెట్టాడు, ఇంటిపేరూ పేరూ కలిపి. ఆయన ఊపిరి తీసుకున్నారు. ఒక్కటే.

“పిలిస్తే తీస్తన్నాడు, ఊరుకుంటే ఆపేస్తన్నాడు. మంచం ఎత్తండి!” అన్నాడు.

లైనులో ఉన్న మగవాళ్ళు నలుగురు మంచం కోళ్ళు పట్టుకున్నారు. ఆసుపత్రి దాకా దారిపొడుగునా కాల్‌మ్యాన్ పక్కన పరుగెడుతూ పిలుస్తూనే ఉన్నాడు. సగం దారిలో వాడి గొంతు పూడుకుపోయింది. “ఇంక నువ్వు పిలువమ్మా” అన్నాడు.

“ఏవండీ! ఏవండీ!” అని అరిచాను. మంచం మోస్తున్న నలుగురూ నావైపు చూశారు. మా ఆయన మాత్రం కదల్లేదు.

“ఏవండీ అంటే ఎవుడికి తెలుస్తాది? పేరెట్టి పిలువు!” బొంగురు గొంతుతో కసిరాడు కాల్‌మ్యాన్.

మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పింది. పెళ్ళిలో గుమ్మం దగ్గర ఆపి ఆడపడుచులు చెప్పమంటే, నోట్లో గొణిగి తప్పించుకున్నదాన్ని. ఆ రోజు నడిరోడ్డు మీద, సైకిళ్ళ మధ్య, ఆ పేరు నా గొంతు చిరిగేలా అరిచాను. ఆయన ఛాతీ లేచింది. మళ్ళీ అరిచాను. మళ్ళీ లేచింది.

ఆసుపత్రిలో విరుగుడు సూది తెచ్చేలోగా నేను ఆగబోతే, డాక్టరమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “థాంబేన్ నా! డాకున్, డాకున్!” అంది. ఆపొద్దు, పిలవమని. సూది పడ్డాక ఆయన కళ్ళు తెరిచారు. నేను అక్కడే నేలమీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

తరవాత ఆవిడ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. కంపెనీలో చేసినంత మాత్రాన నల్లమందు గుణం పోదట. మోతాదు మించితే ఊపిరి తీసుకోవాలన్న ధ్యాసే చెరిపేస్తుందట. నెల మానేసిన ఒంటికి పాత మోతాదు విషమేనట. ఆ సంగతి మాకు ముందు తెలిస్తే బాగుండేది. మర్నాడు డ్యూటీలో మెట్టెక్కాలన్న భయంతో, దాచిన మూడు బుడ్లూ ఎక్కించుకున్నానని ఆయనే ఒప్పుకున్నారు. డాక్టరమ్మ కసరలేదు. ఇది జబ్బు, దీనికీ వైద్యం ఉంది అంది. రెండు నెలలు తన దగ్గరే ఉంచుకుని పంపింది. ఆ తరవాత ఆయనకి మెట్లెక్కే పనిలేని ఆఫీసు డ్యూటీ ఇచ్చారు. కాంపౌండరు మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు, నేను తొక్కనిచ్చేదాన్నీ కాదు.

కాల్‌మ్యాన్‌కి మాత్రం వచ్చినప్పుడల్లా కాఫీ ఇచ్చాను, ఆ సొట్టగిన్నెలోనే పాలు కాచి.

ఆయన రిటైరై చాన్నాళ్ళయింది. ఆ మందు మళ్ళీ ముట్టలేదు. ఇప్పటికీ మధ్యాహ్నం భోంచేసి పడుకుంటారు, గురక పెడతారు. ఆ గురక కాస్త ఆలస్యమైతే నా చేతిలో పని ఆగిపోతుంది. వంటింట్లోంచే పేరు పెట్టి పిలుస్తాను. అది ఇక్కడ రాయను, అంత బరితెగించలేదు.

“బతికే ఉన్నానే, పడుకోనీ” అంటారు.

నేను మళ్ళీ బియ్యం ఏరుకుంటాను.