నాన్న అతిథిగా వచ్చే ఆదివారాలు

సోమవారం మా పాపకి బడిలో ఇంటర్వ్యూ. నాలుగేళ్ల పిల్లని పేరేమిటో, ఏం తినడం ఇష్టమో ఇంగ్లీషులో అడుగుతారట. ఫోనులో ఎవరో నేర్పే వీడియో చూపించి, ఎదురుగా కుర్చీ వేసుకుని ఈ సాయంత్రం నేను పేరడిగితే అది తెర వెనక దాక్కుంది. ఇంట్లో గలగలా హిందీ మాట్లాడే పిల్ల, కొత్త మొహం కనిపిస్తే చాలు బిగుసుకుపోతుంది. అక్కడా అలాగే నిలబడిపోతుందేమోనని నా దిగులు.

అప్పుడే నాన్న గుర్తొచ్చాడు.

నా చిన్నప్పుడు, హిందీ మాట్లాడే ఈ కార్ఖానా ఊళ్లోనే, కాసిడీహ్ పేటలో మాది రెండు గదుల ఇల్లు. ఆదివారం సాయంత్రమైతే, కార్ఖానాలో క్రేను నడిపే నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, డ్యూటీ బూట్లు తొడుక్కుని, పెరటి గుమ్మంలోంచి బయటికి పోయి, సందు చుట్టూ తిరిగొచ్చి వీధి తలుపు గొలుసు ఆడించేవాడు. నేను తలుపు తీసి, గుడ్ ఈవెనింగ్ అని, నా పేరు చెప్పి, వచ్చిన అతిథి పేరడిగి, ఇల్లు కనుక్కోవడం కష్టమయిందా అని ఇంగ్లీషులో విచారించాలి. ఒక వారం ఆయన స్టేషను మాస్టరు, ఒక వారం డాక్టరు. ఆఫీసర్ల ముందు ఆ నాలుగు ముక్కలూ రాక తల వంచుకు నిలబడ్డవాడు కనుక, నాకా గతి పట్టకూడదని ఆయన పట్టుదల.

నాయనమ్మ చాటలో బియ్యం ఏరుతూ, "ఏటే, కన్నతండ్రిని గుమ్మంలో నిలబెట్టి ఎవరు నువ్వని అడుగుతన్నావు?" అనేది.

"ఊరుకోయే అమ్మా, నేనిప్పుడు ఇంజనీర్ని."

"ఇంజనీరువైతే అయ్యేవు గానీ, ఆ బూట్లిప్పి రా. ఇప్పుడే అలికేను."

పేరు తర్వాత 'వాటీజ్ యువర్ నేటివ్ ప్లేస్' అని అడిగి తీరాలని నాన్న నియమం. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ కలిసిన మనవాళ్లకి, ఊరు తెలియని పరిచయం పరిచయమే కాదు కదా. కాలేజీలో మొదటిరోజు ఇంగ్లీషు మేడం నన్ను పరిచయం చేసుకోమంటే, పేరు చెప్పి ఆవిడ ఊరే అడిగేశాను. క్లాసంతా నవ్వింది. ఆవిడ మాత్రం బెంగాల్లో తన ఊరి చెరువు గురించి, మునగపువ్వు వేపుడు గురించి గంట కొట్టేదాకా చెప్పుకుపోయింది.

నాన్న ఇప్పుడు లేడు. ఇందాక ఫోను పక్కన పెట్టి, నేను చెప్పులేసుకుని మా ఫ్లాటు బయటికెళ్లి తలుపు తట్టాను. ఇన్నేళ్లూ నేను తలుపుకి లోపలివైపే నిలబడ్డాను. లోపలి నుంచి ఏం మాట వస్తుందా అని చెవి ఒగ్గి బయట నిలబడ్డ మనిషి గుండె ఇంతగా కొట్టుకుంటుందని అప్పుడు నాకేం తెలుసు.

"కౌన్ హై?" అంది పాప. నేను గొంతు మార్చి, గుడ్ ఈవెనింగ్ మేడమ్ అన్నాను. కిసుక్కున నవ్వు, గడియ చప్పుడు, తర్వాత సన్నగా, పూర్తిగా, ఇంగ్లీషులో దాని పేరు.

నాన్న నేర్పిన రెండో ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. సోమవారం పాపనెవరూ ఆ ప్రశ్న అడగరు. ఈ రోజుల్లో పేరు చెప్పుకున్నవాళ్లు ఊరడగడం మానేశారు. అయినా, ఎవరైనా అడిగితే బాగుండునని నాకుంది.