అక్క ఇంటి పత్రంలో అన్న పేరు

మొన్న ఒక ఆదివారం పొద్దున, తిరుపతిలో మా వీధి చివర ఉండే వాళ్ల కోడలు మా ఇంటికి వచ్చింది. భార్యాభర్తలిద్దరూ ఆస్ట్రేలియాలో ఉద్యోగాలు మానుకుని పిల్లతో సహా ఇక్కడికే వచ్చేస్తున్నారట. అక్కడి ఫ్లాటు అమ్మితే వచ్చే లాభానికి ఇక్కడ పన్ను కట్టాలా అని అడగడానికి వచ్చింది. ఇలాంటి మాట ఎవరు ఎత్తినా నేను ముందు అడిగే ప్రశ్న ఒక్కటే, పత్రంలో ఎవరెవరి పేర్లున్నాయని. ఆ అమ్మాయి నన్ను వింతగా చూసి, మా ఇద్దరివే పిన్నీ, మధ్యలో ఇంకెవరిది ఉంటుంది అని నవ్వింది. ఆమె వెళ్లిపోయాక కూడా నేను కాఫీ లోటా చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను, ఎందుకంటే ఆ మధ్యలో ఇంకొకరి పేరు ఉన్న ఇల్లు ఒకటి నాకు బాగా తెలుసు.

నేను లెక్కలు బళ్లో నేర్చుకున్నదాన్ని కాదు. ఇంటర్మీడియట్‌తో చదువు ఆపేసి, బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తూకం చీటీలు రాసే పనికి చేరాను. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, కాయ దిగే రోజుల్లో హైవే పక్కన ట్రాక్టర్లు ఎంత దూరం బారులు తీరేవో, మామిడి సొన మరకలు పడిన చీరలు ఎన్ని ఉతుకులకూ పోయేవి కాదో. చీటీల నుంచి చిట్టా పద్దుల్లోకి, పద్దుల నుంచి పన్నుల్లోకి వచ్చాను. రాత్రిపూట పాత బడ్జెట్ పుస్తకాలు చదివి, అర్థం కానివి తిరుపతిలో ఒక ఆడిటరు గారిని అడిగి, మెల్లగా చిత్తూరులో టీచర్లకూ మండీ వాళ్లకూ రిటర్నులు రాసిపెట్టే స్థాయికి వచ్చాను. ఆ ఆడిటరు గారు ఎన్నిసార్లు అడిగినా విసుక్కునేవారు కాదు. ఆయన దగ్గర నేర్చుకున్నదే ఈ రోజుకూ నాకు అన్నం పెడుతోంది.

మా పెద్దమ్మకు ఇద్దరు పిల్లలు. అన్న పెద్దవాడు, నాయన ఇచ్చిన మామిడితోట చూసుకుంటూ ఊళ్లోనే ఉండిపోయాడు. అక్క వేలూరులో నర్సు చదువు చదివింది. పెళ్లయిన కొద్ది కాలానికే బావ పోతే, కన్నీళ్లు తుడుచుకుని ఇంగ్లండుకు ఉద్యోగం మీద వెళ్లింది. అక్కడ ఏళ్ల తరబడి నైట్ డ్యూటీలు చేసి, బ్యాంకు అప్పు తీసుకుని ఒక చిన్న ఇల్లు కొనుక్కుంది. ఆ అప్పు తీరిన ఏడాది మా పెద్దమ్మ ఒక పట్టు పట్టింది. ఇంటి పత్రంలో ఒంటి ఆడమనిషి పేరు ఒక్కటే ఉండకూడదు, పక్కన అన్న పేరు ఉండి తీరాలని.

ఇప్పటి వాళ్లకు ఇది ఆస్తి మీద కన్నేసినట్టు కనిపిస్తుందేమో గానీ, మా వైపు అప్పట్లో దాన్ని ఎవరూ అలా అనుకునేవారు కాదు. ఆడపిల్ల సెంటు భూమి కొన్నా పక్కన నాయన పేరో అన్న పేరో రాయించేవారు, తీసుకోవడానికి కాదు, తోడుకు. మగ పేరు చూస్తే ఎవరూ వంక పెట్టరని నమ్మకం. అక్క కూడా తల్లి మనసు నిమ్మళంగా ఉండాలని ఒప్పుకుంది. కాగితాలు పోస్టులో వచ్చాయి, అన్న చిత్తూరుకు పోయి సంతకాలు పెట్టి పంపించాడు. అంతటితో అందరూ ఆ సంగతి మర్చిపోయారు, అన్న తప్ప.

అన్న ఆ పేరును ఊరికే ఉండనివ్వలేదు. అక్క ఇల్లు కొనేటప్పుడు తోతాపురి కాయ అమ్మిన డబ్బు పంపిస్తానని ఆయన మాటిచ్చిన సంగతి నిజమే. ఆ ఏడు ధర పడిపోయి, కోత కూలి కూడా రాదని రైతులు కాయను రోడ్డు పక్కన పారబోసి పోయారు, అన్న పంపలేకపోయాడు. ఆ వెలితి ఆయన్ను ఎంత తిన్నదో నాకు తెలియదు గానీ, పత్రంలో పేరు ఎక్కిన తర్వాత, చెల్లెల్ని పాప అని పిలిచే ఆయన, పాప ఇంట్లో సగం నేను ఇచ్చిందే అని టీ అంగడి దగ్గర చెప్పడం మొదలుపెట్టాడు. మొదట కాయ అమ్మి పంపినానన్నాడు. రెండేళ్లకు వదిన బంగారు గాజులు కూడా ఆ కథలోకి వచ్చి చేరాయి. వదిన ఆ గాజులు వేసుకునే అందరికీ కాఫీ ఇచ్చేది. వినేవాళ్లు గాజుల వంక చూడకుండా కాఫీ తాగి పోయేవారు.

ఎనిమిదేళ్ల కిందట అక్క ఆ ఇల్లు అమ్మేసి వచ్చేయాలని నిర్ణయించుకుంది. కాణిపాకం పోయే దారిలో ముందే కొనిపెట్టుకున్న స్థలంలో ఇల్లు కట్టుకోవాలని, ఇంటికి ముందు ఒక గది వేసి చుట్టుపక్కల ముసలివాళ్లకు కట్లు కట్టడం, సూదులు వేయడం లాంటివి చేయాలని ఆమె ఆశ. అక్కడ బేరం కుదిరి, చేతికి ఎంత వస్తుందో తెలిసింది. లెక్క వేస్తే ఇల్లూ ముందు గదీ కలిపి సరిగ్గా సరిపోతాయి, పైన పెద్దగా మిగలదు. ఏళ్ల తరబడి బయట ఉండి తిరిగి వచ్చినవాళ్లకు మొదటి రెండు మూడేళ్లు బయటి దేశంలో వచ్చిన లాభం మీద ఇక్కడ పన్ను ఉండదు. తాను ఉన్న ఇల్లే కాబట్టి అక్కడా ఆమెకు పన్ను లేదు. ఈ మాట అక్కకు ఎంత సంతోషంగా చెప్పానో. ఆ సంతోషంలోనే పత్రం నకలు తెరిచి చూస్తే, రెండో పేరు కనిపించింది.

దేశం దాటని మనిషికి ప్రపంచంలో ఏ మూల లాభం వచ్చినా ఇక్కడ పన్ను కట్టాల్సిందే. సగం ఇల్లు అన్నదైతే సగం లాభం అన్నది, ఆ సగానికి పన్ను ఇక్కడ పడుతుంది. ఆయన ఆ ఇంట్లో ఏనాడూ ఉండలేదు కనుక అక్కడ కూడా అడుగుతారు. రెండు మూడు సార్లు లెక్క వేసి చూశాను, ఎలా వేసినా పోయేది ముందు గది ఖర్చంత. అప్పట్లో నేనుండే చిత్తూరు నుంచి తిరుపతికి బస్సెక్కి ఆడిటరు గారి దగ్గర కూర్చుంటే, ఆయన అంతా విని, పేరు ఎవరిదని కాదమ్మా, డబ్బు ఎవరు పెట్టారన్నదే అసలు సంగతి అన్నారు. అక్క బ్యాంకు కాగితాలు ఉన్నాయి. వాటితో పాటు అన్న నోటరీ ముందు ప్రమాణం చేసి, ఆ ఇంటికి నేను ఏమీ ఇవ్వలేదు, తోడుకు మాత్రమే నా పేరు పెట్టారు అని రాసిస్తే, రెండు చోట్లా చూపించుకోవచ్చన్నారు.

చెప్పడానికి చిన్న మాటే. దాన్ని మోసుకుని తోటకు పోతే, అన్న తాటాకు చాప మీద కూర్చుని ఉన్నాడు.

"రా మే, లెక్కలమ్మా. యేంది మొగం అట్ల పెట్టుకోని వస్తా ఉండావు?"

నేను చెప్పాను.

"ఇయ్యలేదని రాసియ్యాలనా? ఊరంతా ఇచ్చినానని చెప్పుకోని ఉండాను కదా మే."

"చెప్పుకున్నావు గానీ ఇయ్యలేదు కదన్నా."

"అయితే పన్ను నేనే కడతా. రోడ్డు పక్క రెండెకరాలు అమ్మేస్తా, పో."

లోపలి నుంచి వదిన గొంతు వినిపించింది. "అమ్ము, అమ్ము. ఈ గాజులు గూడా అమ్మేసినావు కదా, మల్ల నా చేతికి యెట్ల ఉండాయో నాకే తెలీదు."

ఆ వారమే బ్రోకరు వచ్చి గట్ల మీద తిరిగి చెట్లు చూసి పోయాడని వదిన ఫోన్ చేసి చెప్పింది. అక్కకు ఈ సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె అవతల నుంచి నెమ్మదిగా, నాయన నాటిన చెట్లు అమ్మనీయొద్దు, ఆ పన్ను నేనే కట్టేస్తాను, అన్న మాట అన్నకు ఉండనీ, ముందు గది మానుకుందాంలే అంది. నా లెక్కల బతుకులో అంత సులువుగా ఒక గదిని కొట్టేసిన మనిషిని నేను చూడలేదు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు నష్టపోవడానికి సిద్ధంగా ఉన్నారు, ఇద్దరిలో ఎవరూ నష్టపోనక్కరలేదన్న సంగతి మాత్రం కాగితం మీద నాకు కనిపిస్తోంది. మళ్లీ తోటకు పోయి, అక్క అన్నది అన్నట్టే అన్నకు చెప్పి, నా వైపు నుంచి ఒక్క మాట కూడా కలపకుండా బస్సెక్కి వచ్చేశాను.

మరునాడు పొద్దున రమ్మని ఫోన్ చేసి, చిత్తూరు బస్టాండులో అన్న తెల్ల చొక్కా వేసుకుని నా కోసం నిలబడి ఉన్నాడు. ఇద్దరం కోర్టు ఆవరణకు నడిచాం. మన వైపు కోర్టు దగ్గర పద్ధతి తెలిసిందే కదా, కాగితం టైపు చేశాక నోటరీ ముందు రాతగాడు గట్టిగా చదివి, నిజమేనా అని నలుగురి ముందే అడుగుతాడు. ఆ రోజు వాయిదాలకు వచ్చినవాళ్లలో మా ఊరివాళ్లే సగం మంది, మండీ వాళ్లు కొందరు. రాతగాడు గొంతు సవరించుకుని అన్న పేరూ తండ్రి పేరూ చదివాడో లేదో, అన్న కాగితం మీద చెయ్యి పెట్టేశాడు.

"ఉండప్పా, నువ్వు సదవద్దు. నేను చెప్తా." "ఆ ఇంటికి నేను ఒగ రూపాయి ఇయ్యలేదు. ఇయ్యాలనుకున్యా, చేతకాలేదు. రాత్రుళ్లు నిద్ర లేకుండా నిలబడి మా పాప ఒక్కతే కొనుక్కునింది. నా పేరు ఊరికే ఉండాది ఆడ."

వెనక నుంచి ఒక మండీ ఆయన ఉండబట్టలేక అడిగేశాడు. "మల్ల ఆ గాజుల కత యేమబ్బా?"

"గాజులు నా పెండ్లాం చేతికే ఉండాయి. పొయ్యి సూసుకో పో."

అందరూ నవ్వారు, అందరికంటే ముందు అన్నే నవ్వాడు. రాతగాడు మిగిలింది చదవకుండానే సంతకం చోటు చూపించాడు. బయటికి వచ్చాక అన్న నాకు టీ ఇప్పించి, అంగడి ఆయనతో ఇంకోసారి అదే సంగతి తనంతట తానే చెప్పాడు. ఏళ్ల తరబడి మోసిన బరువు దించుకున్నవాడిలా, చెప్పి తృప్తి తీరనట్టు.

అక్క కాగితాలు రెండు చోట్లా నిలబడ్డాయి, పన్ను పడలేదు. రెండెకరాల చెట్లు ఈ ఏడు కూడా కాచాయి. కాణిపాకం దారిలో ఇల్లు లేచింది, ముందు గదితో సహా. అక్కడ సూది వేయించుకోవడానికి వచ్చిన ముసలాయన ఎవరైనా ఇల్లు బాగుందే అంటే, బెంచీ మీద కూర్చున్న అన్న అందుకుని, ఇందులో నాది ఒగ ఇటుక గూడా లేదు, అంతా మా పాపదే అని మొదలుపెడతాడు. ఆ కథ కూడా ఇప్పుడు అంతో ఇంతో పెరిగింది, అక్క నైట్ డ్యూటీలు ఏటికేడు ఎక్కువైపోతున్నాయి. ఆ లెక్కను మాత్రం నేను సరిదిద్దను.

ఇప్పుడు ఇలాంటి పనులకు చాలావరకు కోర్టు ఆవరణ దాకా పోనక్కరలేదు. నా దగ్గరికి వచ్చే పిల్లలు బస్సులో కూర్చునే ఫోన్‌లో సంతకం చేసి, అయిపోయింది పిన్నీ అంటారు. ఆడపిల్లలు తమ పేరు మీదే ఇళ్లు కొంటున్నారు, పక్కన ఇంకొకరి పేరు తోడు పెట్టమని ఎవరూ పట్టుబట్టడం లేదు, దానికి నాకెంతో సంతోషం. అయినా ఒక్కోసారి అనిపిస్తుంది, ఆ రోజు అన్న కూడా తోటలో చాప మీద నుంచి లేవకుండా వేలితో నొక్కి సంతకం పెట్టేసి ఉంటే, పన్ను ఎలాగూ పడేది కాదు, గది కూడా లేచేదే. కానీ ఆ ఇల్లు అక్కదేనని అన్న నోటి నుంచి వినేవాళ్లు మాత్రం ఒక్కరూ ఉండేవారు కాదు.