పరంధామయ్య ముందు ‘పర్లేదు’ అనకండి

పరంధామయ్య చెవిన ‘పర్లేదు’ అన్న మాట పడకూడదు. పడిందా, ఆ పని లాక్కుని మొదట్నుంచీ తనే చేస్తాడు. జురాంగ్ ఐలాండ్‌లో పంపులు బాగుచేసిన ముప్పై ఏళ్ళూ ఈ గుణం కంపెనీకి పనికొచ్చింది. రిటైరయ్యాక జనం మీద పడింది. టీ చల్లారిందంటే ‘ఓకే లా’ అన్నందుకు క్లెమెంటి హాకర్ సెంటర్లో ఒక దుకాణదారుతో అరగంట వాదించాడు. ‘ఓకే లా’ మన ‘పర్లేదు’కి సింగపూర్ తమ్ముడని ఆయన సిద్ధాంతం.

అలాంటి మనిషికి, పాత సహోద్యోగి కదా అని, గియాసుద్దీన్ తన కారు ఇంజను అప్పగించాడు.

అది అరవైల నాటి పచ్చ స్పోర్ట్స్ కారు, రెండే సీట్లు. కూతురు లుబ్నా నిఖాకి అందులోనే వెళ్తానని చిన్నప్పట్నుంచీ పట్టు. సరిగ్గా నెల ముందు ఇంజను ఆయిల్లో నీళ్ళు కలిసి పాల టీ రంగుకి తిరిగింది. సిలిండర్ హెడ్ విప్పక తప్పలేదు.

వుడ్‌ల్యాండ్స్‌లో ఒక వర్క్‌షాపు మూల అద్దెకి తీసుకున్నారు. పరంధామయ్య ఎనిమిది వాల్వులనూ పేస్టు పూసి, ఏ చోటుదాన్ని ఆ చోట్లోనే నూరాడు. నూరిన వాల్వు తన చోటికే తిరిగెళ్ళాలి, చోటు మారితే గాలి కారుతుంది. ఆయన ఒకటి, రెండు అంటూ అందిస్తుంటే గియాసుద్దీన్ కడిగి, అట్టకి పెట్టిన బెజ్జాల్లో వరసగా గుచ్చాడు.

నిఖా శనివారమనగా గురువారం ఇంజను బిగించి స్టార్ట్ చేశారు. తుస్సు తుస్సుమని దగ్గింది. కాబోయే అల్లుడు ఇమాద్ కూడా చూడ్డానికొచ్చాడు. గియాసుద్దీన్ బల్ల మీద ఉర్దూలో పిలుపుల జాబితా రాసుకుంటూ, తల ఎత్తకుండానే, “పర్లేదు భాయ్, నడుస్తది” అన్నాడు.

పరంధామయ్య ఆ జాబితా వంక కాసేపు గుడ్లప్పగించి చూశాడు. ఇంజను ఆపేశాడు.

“పర్లేదంటావా? హెడ్ మళ్ళీ విప్పుతాను. ఇద్దరూ ఇంటికెళ్ళండి.”

గియాసుద్దీన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఒక్క మాటకి ఇంత రాద్ధాంతమా? పైగా అల్లుడి ముందర! ఇది పట్టింపు కాదు, పైత్యం. పిల్ల ముచ్చట మట్టిపాలు చేస్తున్నాడని భార్య కమరున్నీసా దగ్గర రెండ్రోజులు పళ్ళు నూరాడు. అక్కసుకొద్దీ టాక్సీ కూడా మాట్లాడిపెట్టాడు.

శనివారం పొద్దున కారు గియాసుద్దీన్ వాళ్ళ ఫ్లాట్ల బ్లాకు కింద నిలబడి ఉంది. దగ్గు లేదు, వణుకు లేదు. “సో స్మూత్ లా, అంకుల్!” అంది లుబ్నా. ‘ఓకే’ అనలేదు కాబట్టి బతికిపోయింది.

నిఖా అయ్యాక పూలదండలు పెడదామని గియాసుద్దీన్ డిక్కీ తెరిచాడు. మూల ఆ బెజ్జాల అట్ట కనిపించింది. దాని మీద పరంధామయ్య రాత: ‘ఒకటోది కుడి చివర గుచ్చాడు. ఉర్దూ వరస. నేను ఎడమ నుంచి బిగించాను. ఎనిమిదీ చోట్లు మార్చి మళ్ళీ నూరాలి.’

అట్ట పట్టుకుని వెళ్ళి, వెజ్ బిర్యానీ తింటున్న పరంధామయ్య పక్కన కూలబడ్డాడు.

“తప్పు నాదని అప్పుడే చెప్పకపోయినవ్?”

“అల్లుడి ముందరా?”

“నేను నిన్ను మస్తు తిట్టిన భాయ్. రెండ్రోజులు.”

పరంధామయ్య అటూ ఇటూ చూశాడు. ఎవరూ వినడం లేదని రూఢి చేసుకున్నాక, గొంతు బాగా తగ్గించి అన్నాడు.

“పర్లేదు లేవయ్యా.”